రెండో చెయ్యి

ఈ ఏడు ఆవకాయకు కాయ కొనడానికి బాటసింగారం దాకా వెళ్ళాను. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ మామిడికాయ కోసం ప్రయాణం కట్టాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివర నిలబడితే, గాలి అటునుంచి వీస్తే చాలు, ఏ కాయ దిగిందో అమ్మ వాసన పట్టి చెప్పేసేది. ఇప్పుడు మార్కెట్టు హైవే మీద ఊరి బయటికి వెళ్ళిపోయింది. మీర్‌పేట్‌లో ఉంటున్న నాకు అది ఒక పూట పని. ఎండలో లారీల పక్కనుంచి, గడ్డి పరిచిన రేకుల షెడ్ల ముందునుంచి, కాయ కొరికి పులుపు చూసుకుంటూ పోతున్నదాన్ని ఒకచోట ఆగిపోయాను. టార్పాలిన్ గాలికి లేవకుండా దాని తాడును ఒక గుండ్రటి సిమెంటు రాయికి కట్టారు. రాయి సగానికి బురద పట్టి ఎండిపోయింది. పైన ఒక పక్కకు వాలిన బొడిపె. కళ్ళు మూసుకుని తడిమినా ఆ బొడిపెను నేను గుర్తుపడతాను. ఆ రాయి పేరు మొండి. అది పుట్టింది మా పెరట్లో.

ముందు మా నాన్న కోటేశ్వరరావు గురించి చెప్పాలి. ఆయన రాష్ట్ర బలవంతుల సంఘానికి కార్యదర్శి. ఈ మాట వినగానే అందరూ కండలు తిరిగిన మనిషిని ఊహించుకుంటారు. మా నాన్న ఊదితే ఎగిరిపోయే మనిషి. పైగా ఆయాసం. గ్యాస్ సిలిండరు వస్తే గుమ్మం నుంచి వంటింట్లోకి దొర్లించుకొచ్చేది అమ్మే. ఆయన ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. గుంటూరు పక్క పల్లెలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగాడు. ఎడ్లకు పళ్ళ లెక్కన విభాగాలు, బండకు బరువు, లాగడానికి గడువు, గొడవొస్తే తీర్చడానికి పెద్దమనుషులు ఉన్నప్పుడు, బరువులెత్తే మనుషులకు ఎందుకుండకూడదు అనేది ఆయన వాదన. కొందరికి పాటల పిచ్చి ఉంటుంది, కొందరికి పేకాట పిచ్చి. మా నాన్నకు నియమాల పిచ్చి. ఇంట్లో ఉప్మాకు కూడా నియమం ఉండేది. జీడిపప్పు వేస్తే అల్లం వెయ్యకూడదు.

సంఘం మా ముందుగదిలో ఉండేది. సంఘమంటే ఒక బోర్డు, ఒక రబ్బరు స్టాంపు, ఆ స్టాంపు పెట్టుకునే పాత బిస్కెట్ డబ్బా, నాలుగు ఇనప కుర్చీలు. అసలు సంఘం పెరట్లో ఉండేది. సాయంత్రం అయ్యేసరికి హమాలీలు, జిమ్ముల్లో పనిచేసే కుర్రాళ్ళు, ఒక బస్సు కండక్టరు, ఇద్దరు అన్నదమ్ములైన వడ్రంగులు వచ్చి చేరేవారు. సుద్దపొడి, నొప్పుల బామ్, చెమట, వాటి మీదుగా వంటింట్లోంచి వచ్చే పెసరట్టు వాసన. అమ్మ పొద్దున్నే పెద్ద గిన్నెడు పెసలు నానబోసేది. "బలమంతా వాళ్ళది, రుబ్బడం మాత్రం నాది" అని విసుక్కునేది కానీ, ఎవరైనా ఒక రోజు రాకపోతే వాళ్ళ పేరు పెట్టి అడిగేది కూడా ఆవిడే. ఇంట్లో పిల్లని నేనొక్కదాన్నే. అయినా ఆ సాయంత్రాల్లో మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఉండేది.

వాళ్ళందరిలోకీ ముందొచ్చి చివరన వెళ్ళేవాడు నర్సింహ కాక. కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ మేస్త్రి. నల్గొండ పక్క పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చాడు. తలలో ఎప్పుడూ ఒకటో రెండో గడ్డిపరకలుండేవి, సంచిలో అమ్ముడుపోని పండో కాయో ఉండేది. మా గుంటూరు వైపు బాబాయ్ అంటాం, వాళ్ళ నల్గొండ వైపు కాక అంటారు. పెరట్లో అందరూ కాకా అంటుంటే నాకూ అదే అలవాటైంది. నాన్న మార్కెట్లో ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు రెండు గంపల పనసకాయలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లారీ ఎక్కుతున్నాడట. దిగేదాకా ఆగి, "నువ్వు ఎత్తేది ఎంత బరువో ఎవరైనా రాసుకున్నారా?" అని అడిగాడట. "ఎందుకు రాసుకోవాలె సార్, ఎత్తుడైపాయె గద" అన్నాడట కాక. ఆ ఒక్క ప్రశ్న మీద ఇద్దరూ టీ కొట్టు దగ్గర కూర్చుంటే పొద్దు గూకిందని చెప్పుకునేవారు. కాక ఊళ్ళో పంచాయతీ జరిగే కచ్చీరు ముందు ఒక గుండు రాయి ఉండేదట. దాన్ని భుజానికెత్తినవాడికే నిండు కూలి. ఎత్తలేనివాడు ఎంత మీసమొచ్చినా పిల్లగాడి కిందే లెక్క. మా నాన్న ఊరి బండ, కాక ఊరి గుండు కలిస్తే మా సంఘం పుట్టింది. నాన్న కార్యదర్శి, కాక ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడి కుర్చీ ఎవరైనా పెద్దమనిషి దొరికితే ఇద్దామని ఖాళీగానే ఉంచారు.

పెసరట్లు అయ్యాక నాన్న కథ చెప్పేవాడు. ఎక్కడో పడమటి దేశాల్లో ఈ పోటీలు మొదలుపెట్టింది టీవీవాళ్ళట. కారు ఎత్తడం, ఫ్రిజ్జు వీపున మోసుకుని పరిగెత్తడం, చివర్లో గుండ్రాళ్ళను ఒక్కొక్కటే గట్టు మీదికి చేర్చడం. మొదట్లో మల్లయోధులు, బరువులెత్తేవాళ్ళు ఎవరు పిలిస్తే వాళ్ళు వచ్చి ఆడేవారు. తర్వాత బలవంతులే కూడి, మన ఆటకు మనమే పెద్దలుగా ఉందామని ఒక సమాఖ్య పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు సమాఖ్యకూ టీవీవాళ్ళకూ చెడింది. మా పోటీలో ఆడినవాడు వాళ్ళ పోటీకి వెళ్ళకూడదని సమాఖ్య హుకుం. దాంతో ఒకే ఏడాది లోకంలో ఇద్దరు 'అందరికంటే బలవంతులు' తేలారు. తర్వాత ఆ సమాఖ్యే మూతపడింది. నాన్న దీన్ని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదువుకొచ్చి, భారతం చెప్పినట్టు రోజుకింత చెప్పేవాడు. నాన్నను రావన్నా అని పిలిచే కాక ఒక రోజు అడిగాడు: "గంత బలమున్నోళ్ళు, లొల్లి ఏంది రావన్నా వాళ్ళకు?" నాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఎవడు గెలిచాడో చెప్పేవాడు ఎవడన్నది తేలకయ్యా నరసింహం. మనకు ఆ బాధ లేదు. మనం ఇద్దరమే" అన్నాడు. ఈ మాట నాకు బాగా గుర్తు. అన్న మనిషికి తర్వాత గుర్తుందో లేదో నేనడగలేదు.

ఆ గుండ్రాళ్ళ మీద నాన్న మనసు పడ్డాడు. వాటిని పోసే అచ్చులు ఇక్కడ దొరికేవి కావు. కాకకు ఉపాయం తట్టింది. కుమ్మరి దగ్గర వేరువేరు సైజుల కుండలు, చివరికి ఒక బాన కొనుక్కొచ్చి, వాటి మూతుల్లోంచి సిమెంటు, కంకర పోసి, గట్టిపడ్డాక కుండ పగలగొట్టారు. అయిదు రాళ్ళు వచ్చాయి. ఏదీ నిండు గుండ్రం కాదు. అడుగున చదును, పైన కుండ మెడ వదిలిన గుర్తు. పేర్లు పెరట్లో ఎవరో పెట్టారు, అవే నిలిచిపోయాయి: చిట్టి, బుడ్డోడు, నడిమోడు, మొండి, పెద్దాయన. నాలుగోదాని కుండ మెడ వంకరగా ఉండడంతో రాయికి ఒక పక్కకు వాలిన బొడిపె మిగిలింది. చేతుల్లోకి రాబోతూ జారిపోయేది. అందుకే మొండి. తేలికైన రాయి నుంచి బరువైనదాని దాకా ఒక్కొక్కటే నీళ్ళ ట్యాంకు గట్టు మీదికి ఎక్కించడం ఆట. గట్టుకు ఈ పక్క నాన్న, ఆ పక్క కాక రిఫరీలు. రాయి గట్టు మీద కుదురుగా కూర్చుందనుకుంటే చెయ్యెత్తాలి. నాన్నకు చూపు తక్కువ, రాయి కూర్చోకముందే ఒకసారి చెయ్యెత్తేస్తే పెద్ద రభస అయింది. అప్పటినుంచి నియమం మారింది. ఇద్దరి చేతులూ ఒకేసారి పైన ఉంటేనే ఆ ఎత్తు చెల్లుతుంది. కాక దాన్ని తన మాటల్లో పెట్టుకున్నాడు. "ఒక చెయ్యి లేస్తే ముచ్చట. రెండు చేతులు లేస్తే లెక్క."

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. సుద్దపొడి అందించడానికి పెరట్లోకి వెళ్ళేదాన్ని. ఎవరూ లేనప్పుడు చిట్టిని ఎత్తి చూశాను, వచ్చింది. బుడ్డోడూ వచ్చాడు. ఒక మధ్యాహ్నం నడిమోడితో కుస్తీ పడుతుంటే కాక చూసేశాడు. మా అమ్మకు చెబుతాడేమోనని బిక్కచచ్చిపోయాను. ఆయన సంచి పక్కన పెట్టి వచ్చి కూర్చుని, "చేతులతోని లేపకు బిడ్డా. ముందు ఒళ్ళోకి గుంజుకో. ఏడ్సే పిల్లను ఎట్ల ఎత్తుకుంటవ్, గట్ల" అన్నాడు. నేనేం పిల్లల్ని ఎత్తుకుని ఎరుగుదునా? అయినా అర్థమైంది. అప్పటినుంచి సాయంత్రం అందరూ రాకముందు నాకు వేరే క్లాసు. ఆడవాళ్ళకు విభాగమే లేదు కదా అని నాన్న నసిగితే, "లేకుంటే పెట్టు, నియమాలు రాసేటోనివి నువ్వే గద" అన్నాడు కాక. నాన్న మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు, కానీ నియమం నియమమే. మొండిని ఎత్తి ఇద్దరితోనూ చేతులెత్తించుకుంటే వచ్చే పోటీల్లో ఆడపిల్లల విభాగం పెడతాం. నాకు ప్రాణమంతా దాని మీదికే పోయింది. ఒళ్ళోకి లాగేదాన్ని, లేచి నిలబడేదాన్ని, గట్టు దగ్గరికొచ్చేసరికి ఆ బొడిపె తిరిగి రాయి జారిపోయేది. "బొడిపె ఎడమచెయ్యి కిందికి రావాలె" అని కాక రోజూ చెప్పేవాడు, అది రోజూ కుడిపక్కకే వచ్చేది.

అప్పటికే తెలంగాణ ఉద్యమం వీధుల్లోకి వచ్చింది. ఎల్.బి.నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు, పాటలు, డప్పులు. కోచింగ్ సెంటర్లు మూతపడేవి, బస్సులు ఆగిపోయేవి. మా సందులో సగం మా వైపు వాళ్ళు, సగం నల్గొండ వాళ్ళు. పంపు దగ్గర మాటలు తగ్గాయి. ఎవరింట్లో వాళ్ళు టీవీ గట్టిగా పెట్టుకునేవారు. మా పెరట్లో మాత్రం రాళ్ళకు ప్రాంతం తెలియదు కాబట్టి ఆట సాగేది. పైగా బంద్ అంటే నాన్నకూ కాకకూ ఒక రకంగా పండగ. లారీ లాగుడు అభ్యాసానికి ఖాళీ రోడ్డు కావాలి, విజయవాడ హైవే బంద్ రోజు తప్ప ఇంకెప్పుడు ఖాళీగా ఉంటుంది? ఒక బంద్ నాడు మార్కెట్ దగ్గర ఆగిపోయిన ఖాళీ మామిడి లారీని డ్రైవరును బతిమాలి తెచ్చారు. డ్రైవరు స్టీరింగ్ దగ్గర, ఇంజిను ఆపి. కాక భుజాలకు మోకు కట్టుకుని ముందుకు వంగాడు. నాన్న పక్కన గొడుగు పట్టుకుని, ఉత్తినే. నేను సుద్దపొడి డబ్బాతో.

లారీ నాలుగు గజాలు కదిలిందో లేదో, చౌరస్తా నుంచి కుర్రాళ్ళ గుంపు వచ్చి చుట్టుముట్టింది. "బంద్ రోజు లారీ నడుపుతున్నరా?" అన్నాడు ముందున్నవాడు. కాక మోకు వదలకుండానే, "నడుస్తలేదు తమ్మీ. నేను గుంజుతున్న" అన్నాడు. ఆ కుర్రాళ్ళలో వాదన బయలుదేరింది. చక్రం తిరిగితే బంద్ ఉల్లంఘించినట్టే అని ఒకడు, ఇంజిను బందే ఉంది కదా అని ఇంకొకడు. ఇటువంటి ధర్మసందేహం దొరికితే మా నాన్న ఊరుకుంటాడా? వాహనమంటే దాని సొంత శక్తితో నడిచేదని, ఇప్పుడిది వాహనం కాదు, ఒట్టి బరువేనని నిర్వచనం చెప్పాడు. కుర్రాళ్ళు ఆయన యాస విని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అంతలో ఎవరో కాకను గుర్తుపట్టారు. "మన నర్సింహన్నరా, మా ఊరి పక్కూరే." అంతే, రంగు మారిపోయింది. లారీ ముందు తెలంగాణ జెండా కట్టారు, డప్పు అందుకున్నారు, కాక ఇంకా ఎంతో దూరం లాగాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. ఎవరో ఫోటో తీశారు.

ఆ ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. మోకుతో కాక, వెనక జెండా, పక్కన గొడుగుతో మా నాన్న. కింద 'బంద్‌కు బలవంతుల సంఘం మద్దతు' అని రాశారు. ఆఫీసులో నాన్నను మా వైపు ఉద్యోగులు గుచ్చి గుచ్చి అడిగారట. వాళ్ళు అడగకపోయినా ఆయన చేసేది అదే అనుకుంటాను. సంఘం రాజకీయాల్లో తలదూర్చరాదని నియమావళిలో ఉంది, పేపరువాళ్ళు తప్పు రాశారు, తప్పును ఖండించాలి. అన్నం కూడా తినకుండా కూర్చుని ఖండన రాసి పంపాడు. మా సంఘానికి ఏ ఉద్యమంతోనూ, ఫోటోలో కనిపిస్తున్న జెండాతోనూ ఎటువంటి సంబంధమూ లేదని తెలియజేయడమైనది. ఒక ఆఫీసు మనిషి మాత్రమే చేయగల పని ఇది. ఇంకొకడైతే ఊరుకునేవాడు, రెండు రోజులకు అందరూ మరిచిపోయేవారు. పేపరువాళ్ళు దాన్ని ఒక మూల చిన్న అక్షరాల్లో వేశారు. మార్కెట్ దగ్గర టీ కొట్టులో హమాలీలు దాన్ని పైకి చదివి కాకకు వినిపించారట.

ఆ సాయంత్రం కాక వచ్చాడు. సంచిలో ఏమీ తేలేదు. ఇనప కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టుకుని, "రావన్నా, జెండాతోని సంబంధం లేదని రాసినవట" అన్నాడు.

"అది నిజమే కదయ్యా నరసింహం. నియమం మనిద్దరం కలిసే పెట్టుకున్నాం."

"నిజమే. కాదంటలేను. కానీ ఆ జెండా మా ఊరోళ్ళు కట్టిన్రు. నేను గుంజిన లారీకి కట్టిన్రు. నాకు దాంతోని సంబంధం ఉన్నది. మరి నాకు సంఘంతోని ఉన్నట్టా, లేనట్టా?"

నాన్న చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. "నరసింహంగా నీకు జెండాతో సంబంధం ఉండొచ్చు. ఉపాధ్యక్షుడిగా ఉండకూడదు" అన్నాడు చివరికి. ఆయన మనసులో అది న్యాయమైన మాట. కాక తల ఊపాడు. "ఒక్క మనిషిని గట్ల రెండు జేస్తే ఎట్ల నిలబడ్తడు రావన్నా?" అని లేచాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. టీ అలాగే ఉండిపోయింది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగితే నాన్న ఏదో అంటాడనుకున్నాను. ఆయన ఆగాడు, ఈయన అనలేదు.

తర్వాత హమాలీలు తెలంగాణ పేరుతో వేరే సంఘం పెట్టారు, కాకను అధ్యక్షుణ్ణి చేశారు. ఢిల్లీలో ఈ ఆటకు దేశం మొత్తానికీ పెద్దలం మేమంటే మేమని అప్పటికే రెండు సంఘాలుండేవి. అవి రెండూ మా రెంటికీ ఉత్తరాలు రాశాయి, అవతలివాళ్ళ గుర్తింపు చెల్లదని. నవ్వుకోవడానికి పెరట్లో ఎవరూ లేరు. మనుషులు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఇటు వైపు వాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అని, అటు వైపు వాళ్ళు కాక లేనిచోటికి ఎందుకని. అమ్మ చెయ్యి మాత్రం కొలత మరవలేదు. చాలా రోజులు ఆ పెద్ద గిన్నెడు పెసలే నానబోసి, రుబ్బి, సాయంత్రానికి మిగిలిన పిండిని చూసి ఎవరినో తిట్టుకునేది.

రాళ్ళ పంపకం మాట వచ్చింది. కాక అడగలేదు, నాన్నే కబురు పెట్టాడు. ఉమ్మడి ఆస్తిని ఒకరి దగ్గర ఉంచుకోవడం నియమవిరుద్ధం అన్నాడు. "అయిదు రాళ్ళకు పంపకమేంటండీ, గోలీలాడుకునే పిల్లల్లాగా" అని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. బుడ్డోడు, పెద్దాయన మాకు. చిట్టి, నడిమోడు, మొండి వాళ్ళకు. అయిదు రాళ్ళూ అయిదు మెట్లని, మధ్యలో మెట్టు పీకేస్తే ఎవరికీ ఆట మిగలదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ సరేనన్నారు. రేపు పొద్దున ట్రాలీ ఆటో వస్తుందని కబురొచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్ళాను. రేపటినుంచి మొండి ఉండదు. నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి, గట్టు పక్కన తన కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతులకు సుద్ద రాసుకుని మొండిని ఒళ్ళోకి గుంజుకున్నాను. ఇన్నాళ్ళూ కుడిపక్కకు తిరిగిన బొడిపె ఎందుకో ఆ రోజు చెప్పిన మాట విన్నట్టు ఎడమచెయ్యి కిందికి వచ్చి కూర్చుంది. లేచాను. నడుము విరిగిపోతుందనుకున్నాను. రాయి గట్టు మీదికి చేరి, ఒకసారి ఊగి, నిలబడింది. వెనక్కి తిరిగితే నాన్న లేచి నిలబడి ఉన్నాడు, చెయ్యి పైకెత్తి. నేను నవ్వేశాను. ఆయన నావైపు చూడలేదు. గట్టుకు ఆ పక్కన కాక నిలబడే చోటు వైపు చూశాడు. అక్కడ పంపు, దాని కింద బకెట్టు ఉన్నాయి. నాన్న చెయ్యి దించాడు.

"రెండో చెయ్యి లేదమ్మా. లెక్కలోకి రాదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను నీ కూతుర్ని నాన్నా. సంఘం లేదు, ఏమీ లేదు, ఇంకా లెక్కేంటి?" అని అరిచాను. ఆ ఎత్తును చూసింది ఆయనొక్కడే. ఆయనే కాదంటే ఇక అది జరిగినట్టు ఎవరు చెబుతారు? మర్నాడు కాక ట్రాలీతో వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. గేటు దగ్గర నిలబడి మంచినీళ్ళు అడిగాడు, మొదటిసారి బయటివాడిలా. మూడు రాళ్ళూ తనే మోసి ఎక్కించాడు. మొండిని ఒళ్ళోకి తీసుకుంటూ నా మొహం చూశాడు. నేను ఎత్తానని చెప్పబోయాను. నాన్న కిటికీలోంచి చూస్తున్నాడు. చెప్పలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మా సందులో టపాసులు కాల్చారు, మిఠాయి పంచారు, మాకూ ఇచ్చారు. మేం భయపడ్డట్టు ఏమీ జరగలేదు. పంపు దగ్గర మాటలు మళ్ళీ మొదలయ్యాయి. మా రెండు సంఘాలు మాత్రం ఒక్క పోటీ కూడా పెట్టలేదు. ఆఫీసు నుంచి వచ్చాక నాన్న గట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎదురుగా పంపు, బకెట్టు. "వెళ్ళి ఒకసారి పలకరించి రాకూడదా" అని అమ్మ అంటే, "ఏ హోదాలో వెళ్ళను?" అనేవాడు. ఆ ప్రశ్నకు నియమావళిలో జవాబు లేదు. కరోనా రెండో అలలో నాన్న పోయాడు. ఒకప్పుడు ఆ పెరట్లో లారీలను లాగే మనుషులు, పనసకాయల గంపలు ఆడుతూ పాడుతూ మోసే మనుషులు ఉండేవారు. అంత తేలిక మనిషిని మోయడానికి నలుగురు దొరకలేదు. ముసుగులేసుకున్న ఎవరో ఇద్దరు వచ్చి తీసుకెళ్ళారు. మార్కెట్టు కూడా కొత్తపేట నుంచి కదిలిపోయిన రోజులవి. కాకకు చెప్పాలంటే నంబరు మారిపోయింది, మనిషి ఎక్కడున్నాడో తెలియలేదు. అమ్మ కూడా వెళ్ళిపోయాక ఇల్లు అమ్మేసి మీర్‌పేట్ వచ్చేశాను. ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతాను. ఇప్పటికీ పొద్దున్నే మేడ మీద ఒంటరిగా కాసేపు ఇనుము ఎత్తనిదే నాకు రోజు మొదలుకాదు. చూసేవాళ్ళుండరు. ముప్ఫై దాటాక చూసేవాళ్ళు అక్కర్లేదని అందరూ అంటారు కానీ అది అబద్ధం. నాకు ఆ సాయంత్రాలు కావాలి. ఎత్తినప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండడం కావాలి.

షెడ్డు లోపల ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కునుకుతున్నాడు. తలలో గడ్డిపరక ఉంది. "కాకా" అన్నాను. కళ్ళు తెరిచి చూశాడు, నన్ను కాదు, నా చేతుల్ని. తర్వాత మొహం చూశాడు. "రావన్న బిడ్డవా" అన్నాడు.

"అవును కాకా."

"రావన్న మంచిగున్నడా?"

"పోయాడు కాకా. కరోనాలో."

బయట ఎవరో కాయ ధర అరుస్తున్నారు. "మోసెటోళ్ళు ఉండిరా?" అని అడిగాడు కాక. లేరన్నాను. ఆయన తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు, మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు. "ఒక్కణ్ణే మోసెటోణ్ణి గద బిడ్డా. నాకేం బరువు ఆయన" అన్నాడు. మేమిద్దరం ఏడ్చాం. అక్కడి హమాలీ కుర్రాళ్ళు మొహాలు తిప్పుకుని పని ఉన్నట్టు నటించారు.

కాసేపయ్యాక నేను రాయి వైపు చూపించి ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాను. నాన్న చెయ్యెత్తి దించేసిన సంగతి కూడా. కాక శ్రద్ధగా విన్నాడు. "నీ సంఘంలో పోటీలు పెట్టలేదేం కాకా?" అని అడిగితే, "ఎట్ల పెడ్త? రెండో రిఫరీ లేడాయె" అన్నాడు. ఇంకొకరిని పెట్టుకోవచ్చు కదా అనబోయి ఆగిపోయాను. ఆయన లేచి, తాడు విప్పి, భుజం మీది తువ్వాలతో మొండికి పట్టిన బురద తుడవడం మొదలుపెట్టాడు. బొడిపె దగ్గర రెండుసార్లు తుడిచాడు. "లేపు" అన్నాడు. కాయలు వేలం వేసే అరుగు నా నడుమెత్తు ఉంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకున్నాను. సుద్ద లేదు, మట్టి రాసుకున్నాను. "బొడిపె ఎడమచెయ్యి కిందికి రావాలె" అన్నాడు వెనకనుంచి, నిన్న చెప్పి ఇవాళ మళ్ళీ చెబుతున్నట్టు. ఒళ్ళోకి గుంజుకున్నాను. మొండి బరువు ఏమీ తగ్గలేదు, నేనే తగ్గాను. ఒకసారి జారింది. మళ్ళీ పట్టుకున్నాను. ఎలా లేచానో నాకు తెలియదు. రాయి అరుగు మీదికి చేరి, ఒకసారి ఊగి, నిలబడింది.

ఊపిరి అందక తల వంచుకుని ఉండి, కాసేపటికి ఎత్తి చూశాను. నర్సింహ కాక కుడిచెయ్యి పైకి లేచి ఉంది, నిటారుగా. ఆయన నన్ను చూడడం లేదు. అరుగుకు ఆ పక్కన, మా నాన్న నిలబడాల్సిన చోటు చూస్తున్నాడు. అక్కడ ఖాళీ ట్రేలు పేర్చి ఉన్నాయి. చాలాసేపు అలాగే చూసి, మెల్లగా చెయ్యి దించాడు.

"ఒక్క చెయ్యే లేసింది బిడ్డా. ముచ్చటే."

అప్పుడు నాన్న మీద వచ్చిన కోపం ఇప్పుడు రాలేదు. చెల్లిందని ఆయన అనేసి ఉంటే, మా నాన్న నిలబడే చోటు ఇక ఎవరికీ అక్కర్లేనట్టు అయ్యేది. ఆ చోటును ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే ఖాళీగా ఉంచుకున్నాననుకున్నాను. ఈయన కూడా ఉంచాడు. "అవును కాకా, ముచ్చటే" అన్నాను. కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి మొండిని అరుగు మీదినుంచి దించబోయారు, గాలికి టార్పాలిన్ కొట్టుకుంటోంది మరి. కాక వాళ్ళను చేత్తోనే ఆపాడు.

"దాన్ని గాడనే ఉండనీయిన్రి. టార్పాలిన్‌కు ఇంకో రాయి చూడున్రి."